లాంచీ గొలుసు లాగే చోటు

ఆ లాంచీని తలుచుకుంటే ఇప్పటికీ ముక్కు మూసుకుంటాను. జనం దాన్ని ఓడ అనేవాళ్లు. నల్లగొండ నుంచీ, దేవరకొండ నుంచీ, పట్నం నుంచీ బస్సులు మాట్లాడుకుని మరీ వచ్చి, ఒడ్డున నిలబడి "అబ్బ, ఎంత ముద్దుగున్నదో!" అని మురిసిపోయేవాళ్లు. ఎందుకు మురవరు? ఒళ్లంతా తెల్ల రంగు, నడుముకు నీలం పట్టీ, పైన రంగురంగుల జెండాలు. దాని కడుపులో కూర్చుని రెండేళ్లు వంట చేసినదాన్ని నేను. దాని ముద్దు సంగతి నాకు చెప్పొద్దు.

అరవైల చివరి మాట. కృష్ణ మీద ప్రాజెక్టు కట్టి నీళ్లు నిలిపిన కొత్త. మా ఊరు ఆ నీళ్ల కిందికి పోయింది. మమ్మల్ని ఎత్తుకొచ్చి గుట్టల పైన ఒక కాలనీలో పడేశారు. చెలక లేదు, మడి లేదు, ఎటు చూసినా రాళ్లే. నా పెనిమిటి కాలువ తవ్వకాల పనికి పోయి పదిహేను రోజులకోసారి ఇంటి మొహం చూసేవాడు. ఇంట్లో నేనూ, మా అవ్వా. అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది అవ్వే. అలాంటప్పుడు ఒక కంట్రాక్టరు, చూడవచ్చిన వాళ్లను నీళ్ల మీద తిప్పడానికి లాంచీ తెచ్చి, వంటమనిషి కావాలన్నాడు. పరుగెత్తుకుంటూ పోయి చేరాను. నీడపట్టున పని, అంతకంటే ఏం కావాలి అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

దాని పుట్టుపూర్వోత్తరాలు నాకు సరంగు చెప్పాడు. సరంగంటే లాంచీ నడిపేవాడు. గోదావరి వైపు మనిషి, యాభై దాటినవాడు, లాంచీతో పాటే ఇక్కడికి వచ్చిపడ్డాడు. ఆయన చెప్పిన ప్రకారం అది మొదట కాలువల్లో పొగాకు బేళ్లు మోసిన పడవ. తర్వాత ఎవరో జమీందారు కొని, పైన రెండో అంతస్తు వేయించి, అద్దాల కిటికీలు పెట్టించి, స్నేహితులతో తాగి తిరగడానికి వాడుకున్నాడు. ఆయన పోయాక వారసులు తగువులాడుకుంటుంటే, అది కాలువ బురదలో ఏళ్ల తరబడి కుళ్లింది. కుక్కలు పిల్లలు పెట్టేవట అందులో. దాన్ని మా కంట్రాక్టరు పాత సామాను కింద కొని, నడిమికి రెండు ముక్కలు కోయించి, రెండు లారీల మీద వేసుకొచ్చి, మా ఒడ్డున మళ్లీ అతికించాడు.

"పెళ్లికూతురులా ఉండేదమ్మా ఒకప్పుడు" అని సరంగు నిట్టూర్చేవాడు.

పెళ్లికూతురట, పెళ్లికూతురు! ఆ అతుకు సరిగ్గా నా పొయ్యి కిందే ఉండేది. దాంట్లోంచి ఊరిన నల్లనీళ్లను రోజూ పొద్దున్నే డబ్బాతో తోడి పోసేదాన్ని. డీజిలూ, చచ్చిన ఎలుకా, పాత పొగాకూ కలిస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది ఆ వాసన. చీర ఉతికినా పోయేది కాదు. ఇంటికి రాగానే నా పెనిమిటి "ముందు నీళ్లు పోసుకో పో" అని దూరం జరిగేవాడు.

ఇక దాని వైభోగం వినండి. పైఅంతస్తులో ఇరవై నాలుగు పేము కుర్చీలు, మూలన ఒక గ్రామఫోను, నేల మీద ఎర్రటి తివాచీ. ఆ తివాచీ ఎత్తి చూస్తే కింద బొద్దింకలు బియ్యం పోసినట్టు కనపడేవి. కిందిఅంతస్తులో చెక్క బల్లలు, తక్కువ టికెట్టు వాళ్లకు. వెనకభాగాన వరుసగా ఇంజను, నా వంటగది, మరుగుదొడ్డి. వంటగదికీ మరుగుదొడ్డికీ నడుమ ఒకే ఒక్క చెక్క. నేను పులిహోర కలుపుతుంటే అవతల కూర్చున్నవాళ్ల మూలుగులు వినపడేవి. ఛీ, ఎవరికి చెప్పుకుంటాం! ఆ తలుపు మీద 'ఆధునిక మరుగుదొడ్డి సౌకర్యము గలదు' అని పెద్ద అక్షరాలతో రాయించారు. ఆ ఆధునికం ఏమిటంటే, కింద ఒక ఇనుప తొట్టి. అన్నీ అందులోనే. మనుషుల మలమూత్రాలు, ఎంగిలి మెతుకులు, కోడి పేగులు, గాలి కొట్టినప్పుడు పైవాళ్లు కక్కిన కక్కులు. పక్కన ఒక గొలుసు ఉండేది. దాన్ని లాగితే తొట్టి అడుగు తెరుచుకుని మొత్తం నీళ్లలోకి పోయేది.

మొదట్లో తిరుగు ప్రయాణంలో ఒడ్డు దగ్గరికొచ్చాకే లాగేవాళ్లు. కాలనీ ఆడవాళ్లం నీళ్లు ముంచుకునేది అక్కడే. మావాళ్లు నాలుగు రోజులు చూశారు. అయిదోనాడు బిందెలు పట్టుకుని లాంచీకి అడ్డం నిలబడ్డారు.

"మా నోట్లె పోస్తున్నరుర మీ గలీజు! రండ్రి, మీరే తాగుండ్రి ముందుగాల!"

కంట్రాక్టరు లాంచీ మీద పెట్టిన మేనేజరు హడలిపోయి సరంగు మీద పడ్డాడు. సరంగు నా దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, ఈ నీళ్ల కింద నేలంతా నువ్వు నడిచిందే కదా. ఎవరికీ ఇబ్బంది లేకుండా బాగా లోతున్న చోటు ఎక్కడుందో చెప్పు."

నాకు ఎంత గర్వమో! చదువురాని దాన్ని, పెద్ద లాంచీ సరంగుకు దారి చెప్పే రోజు వచ్చిందని ఉబ్బిపోయాను. "గా రెండు గుట్టల నడుమ పల్లమున్నదన్నా. గాడ తాడెత్తుకు నాలుగింతలు లోతుంటది. గాడ ఎవరుండరు, ఏం ఫికర్ లేదు" అన్నాను. మర్నాటి నుంచి లాంచీ అక్కడికి రాగానే సరంగు వేగం తగ్గించేవాడు. "కుడివైపు చూడండి, కొండ మీద పాతకోట గోడ!" అని కేకేసేవాడు. పైవాళ్లంతా కుడివైపు మెడలు చాపి చూస్తుంటే ఎడమవైపు గొలుసు లాగేవాడు. వాళ్లు ఆహా ఓహో అనేవాళ్లు. ఇవతల నీళ్లు పచ్చగా బుసబుసమని పొంగేవి.

ఆ పల్లంలో ఏముండేదో నాకు తెలుసు. మా ఊరి పోచమ్మ ఉండేది. నిలువెత్తు కూడా లేని రాయి, పసుపు పూసి పూసి నున్నబడ్డ రాయి.

ఊరు ఖాళీ చేసేముందు అమ్మను అడగాలి కదా, నువ్వూ మాతో వస్తావా అని. మేకను నిలబెట్టి ఒంటి మీద పసుపునీళ్లు చల్లుతారు. అది ఒళ్లు జలదరించి దులుపుకుంటే అమ్మ ఒప్పుకున్నట్టు. ఆ రోజు మూడుసార్లు చల్లినా మేక కదల్లేదు. గుడ్లప్పగించి నిలబడింది. అవతల సామాన్ల లారీలు హారన్లు కొడుతున్నాయి. పెద్దమనుషులకు ఓపిక చచ్చింది. ఒకాయన బిందె ఎత్తి మొత్తం నీళ్లు మేక నెత్తిన గుమ్మరించాడు. ఇంకేం చేస్తుంది పాపం, గజగజ వణికి దులుపుకుంది. "ఒప్పుకున్నది! ఒప్పుకున్నది!" అని డప్పులు కొట్టి, రాయి కింది మన్ను పిడికెడు కొత్తబట్టలో కట్టుకొచ్చి, కాలనీలో ఇంకో రాయి కింద పెట్టారు. ఊరంతా ఆ కొత్తరాయికి మొక్కింది, మా అవ్వ తప్ప.

"అమ్మ ఇచ్చిన మాట గాదది. సలికి వణికిన మేక" అనేది అవ్వ. ఊరు విడిచిన రోజు ఆఖరి లారీ కదిలేదాకా ఆ పాతరాయి దగ్గరే కూర్చుని మొక్కుకుంది. "నిన్ను ఇడిసిపెట్టి పోతున్న తల్లీ. ఏడాదికొక్కపారన్న వచ్చి నీకు బోనమిస్త."

నేను సరంగుకు ఆ చోటు చెప్పినప్పుడు అవ్వ మాట గుర్తు రాలేదా అంటే, వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. అమ్మ కాలనీకి వచ్చేసిందని పెద్దలే అన్నారు కదా, నాకెందుకు అని సర్దిచెప్పుకున్నాను. మెప్పు కోసం మనిషి ఎంతకైనా దిగజారుతుంది.

రెండు శ్రావణాలు గడిచాయి. నడినీళ్లలోకి పోవడానికి అవ్వకు దారి లేదు. చేపలు పట్టే పుట్టివాళ్లను బతిమాలితే, ముసలిదాన్ని ఎక్కించుకుని ముంచుకోలేమన్నారు. అవ్వ కళ్లకు పొరలు కమ్మాయి. కాళ్లు వాచాయి. అన్నం ముందు కూర్చుని తినేది కాదు.

"మొక్కు తీరకుంట సస్తే నేను పైకి పోయి ఏం మొకం పెట్టుకుంటనే? మాటిచ్చి ఎగ్గొట్టినదాన్ని అయితగద. ఒక్కపారి గా ఓడల తోల్కపో బిడ్డా. నీ కాల్మొక్త."

అవ్వ నా కాళ్లు మొక్కుతానంటే ఇంక నేనేం చెప్పను? మేనేజరును వారం రోజులు బతిమాలాను. ఆయన పెట్టిన షరతులు వింటే ఒళ్లు మండుతుంది. డప్పు వద్దు, కోడి వద్దు, కల్లు వద్దు. వెనక ఇంజను పక్కనే కూర్చోవాలి. పైవాళ్ల కంట పడకూడదు. నీళ్లను పియ్యి చేసినవాళ్లకు మా అవ్వ బోనం అసహ్యమట! సరే సారూ అన్నాను. తర్వాత సరంగు దగ్గరికి పోయాను.

"అన్నా, రేపు గాడ గొలుసు గుంజకు. జర ముందటికి పోయినంక గుంజు."

"ఏం? అక్కడేముంది?"

చెప్పాను. ఆయన బీడీ కింద పారేసి నావైపు అదోలా చూశాడు. "ఆ చోటు చెప్పింది నువ్వే కదమ్మా" అన్నాడు. ఆ బీడీని నేను కాలితో నలిపాను. "సరేలే, ముసలావిడ కోసం. ముందుకెళ్లాకే లాగుతాను" అన్నాడు.

మర్నాడు అవ్వ తెల్లారకముందే తలంటుకుంది. కొత్తకుండకు సున్నం, పసుపు పెట్టింది. బెల్లమన్నం వండి కుండలో నింపి, చుట్టూ వేపమండలు కట్టి, పైన దీపం పెట్టుకుంది. లాంచీ ఎక్కుతుంటే నెత్తి మీది కుండకు నన్ను చెయ్యి వేయనివ్వలేదు, తనే మోసింది. ఇంజను పక్కన ఆ వేడిలో, ఆ కంపులో, ముసిముసి నవ్వులు నవ్వుకుంటూ కూర్చుంది. డెబ్బై ఏళ్లుగా ముక్కుపొడి పీల్చి పీల్చి ఆమెకు వాసనలు తెలియవు. ఆ పూట ఆ అదృష్టం నాకు లేకపోయింది.

ఎందుకంటే ఆ రోజు లాంచీ ఎక్కింది ఒక పెళ్లిబృందం. యాభైమంది. వేటకూర, లడ్డూలు, పైన గాలి. ఎక్కినప్పటి నుంచీ తినడం, కక్కడం, మరుగుదొడ్డి ముందు వరుస కట్టడం. సగం దూరం పోయేసరికే తొట్టి నిండి, చెక్కల సందుల్లోంచి నా వంటగదిలోకి కారడం మొదలుపెట్టింది. గోనెసంచులు అడ్డం వేశాను. థూ! పైనుంచి ఎవరో పెద్దమనిషి ముక్కుకు రుమాలు పెట్టుకుని మేనేజరును తిడుతున్నాడు.

రెండు గుట్టల నడుమకు రాగానే సరంగు ఇంజను నెమ్మది చేశాడు. అవ్వ లేచింది. ఎడమవైపు అంచున మోకాళ్ల మీద కూర్చుని నీళ్ల మీదికి వంగింది. నేను వెనకనుంచి ఆమె నడుము గట్టిగా పట్టుకున్నాను.

"పోచమ్మ తల్లీ, ఆలస్యమైంది. తప్పు కాయి" అంటూ బోనం నీళ్ల మీద వదిలింది. కుండ తేలింది. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

అప్పుడే మేనేజరు మెట్ల మీదుగా దడదడ దిగి వచ్చాడు. "ఏందయ్యా ఇంకా చూస్తవు? పైన నన్ను సంపుతున్నరు. గుంజు!"

సరంగు నావైపు చూశాడు. వద్దన్నట్టు నేను చెయ్యి ఊపాను. "కాసేపాగండి సారూ" అన్నాడు సరంగు. మేనేజరు ఆగలేదు. ఆయనే గొలుసు పట్టుకుని ఒక్క ఊపు లాగాడు.

అడుగున ధడేలుమంది. నీళ్లు బుసబుసా పొంగాయి. పచ్చటి నురగ, బుడగలు, లడ్డూ ముక్కలు, ఇంకా ఏవేవో. కుండ గిర్రున తిరిగి, దీపం ఆరి, మునిగిపోయింది. నాకు డోకు వచ్చింది. నోరు గట్టిగా మూసుకున్నాను.

అవ్వ ఒళ్లంతా వణికింది.

"సూసినవా బిడ్డా! నీళ్లు ఎట్ల మసులుతున్నయో సూసినవా! అమ్మ లేసొచ్చింది. నా బోనం పట్టుకపోయింది. ఆనాడు మేకతోని ఇయ్యని మాట ఇయ్యాల నాకిచ్చింది." ఆ పొరలు కమ్మిన కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. నేను పుట్టి బుద్ధెరిగాక ఆమె మొహంలో అంత సంతోషం చూడలేదు.

తర్వాత ఇంకా కిందికి వంగి దోసిట్లోకి నీళ్లు తీసుకుంది.

నేను ఆమె నడుము పట్టుకునే ఉన్నాను. చెయ్యి చాపితే ఆ దోసిలి అందుతుంది. కొడితే నీళ్లు ఒలికిపోతాయి. కానీ ఎందుకు కొట్టినవే అని అడిగితే ఏం చెప్పాలి? ఇక్కడ రోజూ ఏం పోస్తారో చెప్పాలి. ఈ చోటు చూపించింది ఎవరో చెప్పాలి. నేను ఆ మాట కోసం వెతుక్కుంటూ ఉండగానే అవ్వ మూడు గుక్కలు తాగి, తడిచేతులు నెత్తికి రాసుకుంది. మళ్లీ ముంచి నా చేతుల్లో పోసింది.

"అమ్మ తీర్థం. నువ్వు గూడ తాగు బిడ్డా, నీ కడుపు సల్లగుండాలె."

నేను పక్కకు తిరిగి, వేళ్ల సందుల్లోంచి ఆ నీళ్లను కిందికి జారవిడిచాను. చేతులు చీరకు తుడుచుకున్నాను.

"తాగినవా?"

"తాగిన అవ్వా."

అవ్వ దగ్గరికి జరిగి, తడుముకుంటూ నా మొహం పట్టుకుని, తన కొంగుతో నా పొడి మూతి తుడిచింది.