మూడు ఎర్ర చుక్కలు

రాజలింగుకు కళ్లు కుట్టాయి. దీనికి ఇంకో మాట వెతుక్కోనక్కర్లేదు. యాభై రెండేళ్ల మనిషి, ఇరవై ఆరేళ్లుగా యూనివర్సిటీ ఇంజనీరింగ్ వర్క్‌షాపులో మెకానిక్, నిన్నగాక మొన్న వచ్చిన పాతికేళ్ల పిల్లను చూసి కుళ్లిపోయాడు.

ఆ పిల్ల పేరు స్నిగ్ధ. తార్నాకలో ఫ్లాటు, తండ్రి బ్యాంకు ఉద్యోగి, సొంతూరు తెనాలి దగ్గరెక్కడో. ఏ కట్టర్ ఏ దారిన తిరిగి లోహాన్ని కొయ్యాలో మెషీన్‌కు చెప్పే సాఫ్ట్‌వేర్ చూసుకోవడానికి ఆమెను తీసుకున్నారు. వచ్చిన వారానికే షాపులోని అరవై నాలుగు కట్టర్ల వివరాలూ కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. నంబరు, వ్యాసం, పొడవు, పళ్లెన్ని, అన్నీ. దానికి టూల్ లైబ్రరీ అని పేరు. అంతకుముందు ఆ లైబ్రరీ ఎక్కడుండేదయ్యా అంటే, రాజలింగు తలకాయలో.

"రాజలింగన్నా, అల్యూమినియంకు ఏది పెట్టాలె?" అంటూ స్టూడెంట్లు ఆయన టీ తాగే చోటికి కూడా వచ్చేవాళ్లు. ఇప్పుడు ఒక్కడు రాడు. అందరూ ఆ స్క్రీన్ ముందే. పైగా దసరా తర్వాత కొత్త మెషీన్ వస్తోంది. దానికి ఇన్‌చార్జి ఎవరో నెలాఖరుకు ప్రొఫెసర్ ఉమాపతి తేలుస్తారు. ఆ కుర్చీ తనదేనని రాజలింగు తానుండే వారాసిగూడలో ఇంటింటికీ చెప్పుకుని ఉన్నాడాయె!

"గా పిల్ల మీద నీకెందుకయ్యా గంత కడుపుమంట?" అంది భార్య భాగ్య.

"మంట లేదు గింట లేదు. అన్నం పెట్టు" అన్నాడు. రెండు ముద్దలు తిని లేచిపోయాడు.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. అరిగిన కట్టర్‌ను పారేయరు, రాజలింగు సానపడతాడు. సానపట్టిన ప్రతిసారీ పళ్ల దగ్గర రవ్వంత సన్నబడుతుంది. మెషీన్ పట్టుకునే కాడ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. అందుకని ఒక్కో సానకు కాడ మీద ఒక్కో ఎర్ర చుక్క, భాగ్య గోళ్ల రంగుతో. పాత మేస్త్రి సామేలు నేర్పిన గుర్తు అది. ఎన్ని చుక్కలకు ఎంత తగ్గించాలో నిద్రలో లేపి అడిగినా రాజలింగు చెబుతాడు. సామేలు పోయాక ఆ సంగతి తెలిసినవాడు ఇంకొకడు లేడు.

ఒకరోజు స్నిగ్ధ కట్టర్ ఒకటి పట్టుకుని వచ్చింది.

"రాజలింగు గారూ, ఈ చుక్కలేంటండీ? కొన్నిటికి ఒకటుంది, దీనికి మూడున్నాయి. ఏమైనా గుర్తా?"

చెప్పేస్తే పోయేది. నోటిదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఎవడో స్టూడెంటు "స్నిగ్ధ మేడం, జర మీరొచ్చి చూడండి" అని కేకేశాడు. మేడమట! రాజలింగుకు ఒళ్లు మండిపోయింది.

"ఏం లేదమ్మా. ఊకెనే పెట్టిన" అన్నాడు.

ఆమె సరేనని వెళ్లి, కాడ దగ్గర కొలిచి, పది మిల్లీమీటర్లని ఎక్కించింది. పళ్ల దగ్గర కొలిస్తే తెలిసిపోయేది. కానీ కొత్తవాళ్లు కాడనే కొలుస్తారు, నున్నగా వీలుగా ఉంటుంది కదా. రాజలింగు చూస్తూ ఊరుకున్నాడు. అబద్ధమెందుకు, లోపల హాయిగానే అనిపించింది.

మూడు వారాల తర్వాత, తార్నాకలోని ఒక పరిశోధనశాలకు చేసి పంపిన పన్నెండు లోహపు దిమ్మెలూ తిరిగొచ్చాయి. గాడి ఇరుకైంది, అందులో కూర్చోవలసిన ముక్క కూర్చోవడం లేదు. దాన్ని కోసిన మూడు చుక్కల కట్టర్ పదికి అర మిల్లీమీటరు తక్కువ. సాఫ్ట్‌వేర్ మాత్రం పదే అనుకుని నడిపింది.

"ఏవమ్మా, కొలవకుండానే ఎక్కించేశావా?" అన్నారు ఉమాపతి. "అరవై నాలుగూ ఇంతేనా? ఇంక నీ లైబ్రరీని ఎవరు నమ్ముతారు?"

స్నిగ్ధ ముఖం పాలిపోయింది. "నాదే పొరపాటు సర్. పళ్ల దగ్గర కొలవాల్సింది" అంది.

ఇక కుర్చీ తనదే. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు ఏ స్వీటు కొనాలో కూడా రాజలింగు అక్కడే అనుకున్నాడు.

"నువ్వోసారి చూడవయ్యా రాజలింగూ, దీంట్లో ఏం రాసుందో" అన్నారు ఉమాపతి. అంతలో ఫోన్ మోగితే పక్కకు వెళ్లారు. రాజలింగు కళ్లజోడు పెట్టుకుని స్క్రీన్ మీదికి వంగాడు. వ్యాసం పది. పళ్లు నాలుగు. కింద గమనిక అని చిన్న గడి. అందులో స్నిగ్ధ తెలుగులోనే టైపు చేసి పెట్టింది.

"కాడ మీద మూడు ఎర్ర చుక్కలు. రాజలింగు గారిని అడిగాను. ఏమీ లేదన్నారు."

పక్కనే తేదీ, టైము.

ఆ ఒక్క లైను చూపిస్తే ఆమె గట్టెక్కేది. అయినా ఆమె చూపించలేదు. తలెత్తి చూస్తే ఆమె నేలచూపులు చూస్తోంది. తిట్టినా బాగుండేదే అనుకున్నాడు రాజలింగు. రెండు నొక్కులు నొక్కితే ఆ లైను చెరిగిపోతుందనీ ఆయనకు తెలుసు. చెయ్యి మౌస్ దాకా వెళ్లింది. ఛీ, ఏం బతుకురా నాది అనుకుని వెనక్కి తీసుకున్నాడు.

ఉమాపతి తిరిగొచ్చారు.

"సార్, గీ పిల్ల తప్పు లేదు. నన్నడిగింది. నేనే చెప్పలే."

"ఎందుకు చెప్పలేదు?"

"ఓర్వలేక, సార్."

నెలాఖరుకు స్నిగ్ధే ఇన్‌చార్జి అయింది. రాజలింగు ఆమె పక్కన స్టూలేసుకుని, కట్టర్లు ఒక్కొక్కటే తీసి చుక్కల సంగతి చెబుతుంటే ఆమె ఎక్కించింది. ఆయన మారిపోయాడని అనుకునేరు! మేడం అన్న పిలుపు వినబడితే ఇప్పటికీ దవడ బిగుసుకుంటుంది. మూడు చుక్కలది చేతిలోకి వచ్చేసరికి స్నిగ్ధ ఆగింది.

"ఈ గమనిక తీసేయమంటారా అండీ?"

"తియ్యకు. కింద రాయి, అబద్ధం చెప్పిండని."

ఆమె టైపు చేసింది. రాజలింగు కళ్లజోడు సర్దుకుని చదివాడు. "మూడు చుక్కలంటే మూడుసార్లు సాన. చెప్పినవారు రాజలింగు గారు."

ఇంత మంచితనం కూడా దీనికే ఉండాల్నా, అనుకున్నాడు రాజలింగు.