బుడ్డల పొడిలో బిళ్ళలు

ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో దేవక్క చేసే బుడ్డల పొడికి, అంటే వేరుశనగ పొడికి, పేరుంది. ఆమె తమ్ముడు ఈరప్ప మొండితనానికీ పేరుంది. ఇద్దరికీ ఉమ్మడిగా ఒక జబ్బు ఉంది. ఎండ తగిలితే చాలు, మెడ, ముంజేతులు ఎర్రగా కమిలి పొట్టు లేచేవి. దేవక్క ఇంట్లో మగ్గం ముందు కూర్చునేది కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చింది. ఈరప్ప తువాళ్ళ మూట భుజాన వేసుకుని సంతలు తిరిగేవాడు. వేసవి వస్తే వాడి మెడ మాడిన రొట్టెలా ఉండేది.

పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో దేవక్క వాణ్ణి ఆదోని డాక్టరు దగ్గరికి ఈడ్చుకుపోయింది. ఆయన ఇద్దరికీ పరీక్షలు చేయించి, "మీ అమ్మానాన్నలది మేనరికమా?" అని అడిగాడు.

"మా నాయన మా అమ్మకు సొంత మేనమామే సార్."

"అదీ సంగతి. ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు, చాలా అరుదు. తిండిలోని సారం మీ ఒంటికి సరిగా పట్టదు. రోజూ ఈ విటమిన్ బిళ్ళలు మింగండి, మానొద్దు."

దేవక్క మింగింది. నెలకే చర్మం నునుపు తేలింది. ఈరప్ప తన బిళ్ళలు కోడికి వేశాడు.

"బిళ్ళలు మింగేకి నేనేమన్నా రోగిష్టోణ్ణా? నాకు మన నాటువైద్యం ఆచారి ఇచ్చిన నూనె సాలు."

దేవక్క ఒక ఉపాయం పన్నింది. పొద్దున్నే రొట్టెకు వాడు తన ఇంటికే కదా వచ్చేది! వాడి వంతు బిళ్ళలు మళ్ళీ కొని, నూరి, వాడి రొట్టె మీది పొడిలో కలిపేది.

"అక్కా, పొడి రవ్వంత సేదుగుందే?"

"ఎల్లిపాయ మాడిందిలే, తిను."

రెండు నెలలకు మెడ బాగుపడింది. ఈరప్ప నూనె సీసా పట్టుకుని వీధంతా ఊరేగాడు. ఒకరోజు టీ హోటలు ముందు, కాలిపుండుతో కుంటుతున్న వీరేశానికి "డాక్టరెందుకన్నా, ఈ నూనె పూసుకో" అని చెబుతుంటే దేవక్క చెవిన పడింది. ఇక ఊరుకోలేకపోయింది.

"ఒరే, నీకు తగ్గింది నూనెతో కాదురా! రెండు నెల్లుగా పొడిలో నువ్వు తింటాండేది డాక్టరు బిళ్ళలు!"

హోటలంతా గొల్లున నవ్వింది. ఈరప్ప ముఖం మాడ్చుకుని మూడు రోజులు అక్క గడప తొక్కలేదు. నాలుగో రోజు వచ్చి చెయ్యి చాపాడు.

"ఇట్లియ్యి. నీళ్ళతో మింగుతా. మంచి పొడిని పాడు సేయొద్దు."

ఆ వారమే వీరేశాన్ని తానే ఆదోని బస్సెక్కించాడు. దారి పొడుగునా కండక్టరుకు మేనరికాల మీద, విటమిన్ల మీద పాఠం చెప్పాడు. డాక్టరు పుండుకు చీటీలో సూదిమందు రాస్తుంటే మెల్లగా ముందుకు వంగి, "సార్, దీనికీ నా బిళ్ళలే రాయగూడదా?" అని అడిగి తిట్లు తిన్నాడు.