ముందు చెయ్యి చూసే ఐవిన్

ఐవిన్ ఏ ఫొటోలోనూ ముందు ముఖం చూడడు, చెయ్యి చూస్తాడు. ఒలెసుండ్ రేవు పక్కనే అతని కొట్టు. ఊళ్ళో అటకల మీది పాత ఫొటో స్లయిడ్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కేది అక్కడే. బొజ్జ బల్లకి ఆనించి, తెల్ల గ్లౌజులతో స్లయిడుని అంచులు పట్టుకుని, దుమ్ము ఊది, కిటికీ వెలుగుకి ఎత్తుతాడు. నార్వేలో పెళ్ళి ఉంగరం కుడిచేతికే ఉంటుంది. ఎడమచేతికి కనబడిందంటే స్లయిడు తిరగబడ్డట్టే.

మొన్న కవల అక్కచెల్లెళ్ళు గుడ్ని, టూరా చిన్ననాటి స్లయిడొకటి పట్టుకుని వచ్చారు. జుట్లు నెరిసినా తగువు తీరలేదు. చిన్నప్పుడు ఆ ఫొటోలోని పెద్ద కాడ్ చేపని పట్టింది నేనంటే నేనని. గుడ్నికి కుడిబుగ్గన మచ్చ, టూరాకి ఎడమబుగ్గన. ఇంట్లో గోడమీద ఆ స్లయిడు వేసినప్పుడల్లా చేప ఎత్తుకున్న పిల్లకి కుడిబుగ్గనే మచ్చ కనబడేది. అందుకని పేరంతా గుడ్నిదే.

ఐవిన్ ఆ పిల్ల భుజమ్మీదున్న తండ్రి చెయ్యి చూశాడు. ఉంగరం ఎడమచేతికి ఉంది. నవ్వుతూ స్లయిడు తిప్పి పెట్టాడు. తెరమీద మచ్చ ఎడమబుగ్గకి వచ్చేసింది.

"చూశావుటే! ఇన్నేళ్ళూ నా చేపని మింగి కూర్చున్నావు!" టూరా చప్పట్లు కొట్టింది.

"నాదా తప్పు? అమ్మ ఫిల్ముని చట్రంలో తిరగేసి దూర్చిందే!" గుడ్ని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "సరే, చేప నీదే. కానీ ఆ కథ నాలా చెప్పడం నీకు చేతకాదు. నేనే చెబుతా, నీ పేరు పెట్టి."

"చెప్పు మరి, ఇప్పుడే," అని టూరా కుర్చీ లాక్కుంది.