వానొస్తే సగం మీసం

సెలూను బాబాయికి ఒకటే జబ్బు. వాన జోరందుకుందంటే చాలు, కుర్చీలో కూర్చున్నవాడి మీసం సగం గీసి కత్తి మూసేస్తాడు. మిగతా సగం సంగతి వాన వెలిశాకే. ఆ పేటలో ఇది తెలియనివాడు, కొత్తగా బదిలీ అయి వచ్చిన బ్యాంకు గుమాస్తా ఒక్కడే.

అలిగి పుట్టింటికి వెళ్ళిన అతని భార్య ఆ సాయంత్రం బండికి తిరిగి వస్తోంది. "స్టేషన్లో మీరు కనబడకపోతే తర్వాతి బండికే వెనక్కి పోతాను" అని ముందే చెప్పింది. అందుకే ఈ ముస్తాబు.

అతను వంతు కోసం కూర్చున్నప్పుడే మొదలైన వాన రేకుల మీద దబదబా జోరందుకుంది. కత్తి సర్రున ఒక్క గీత గీసి టక్కున మూసుకుంది. గుమాస్తా అద్దంలో చూసుకుని కొయ్యబారిపోయాడు. ఎడమవైపు మీసం, కుడివైపు మైదానం.

"ఇదేంటండీ!"

"మీసం బాబూ."

"రెండోది ఏదీ?"

"తీసేశాగా. మిగిలిన దాని సంగతి వాన తగ్గాక చూద్దాం."

"నేను స్టేషనుకి పోవాలయ్యా!"

"పోండి. ఎవరాపారు?"

ఎవరాపారట! గుమాస్తా కత్తి లాక్కోబోయాడు. బాబాయి దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా? గుమాస్తా మూతికి రుమాలు కట్టుకుని, స్కూటరు తీద్దామని గుమ్మం దాకా వెళ్ళాడు.

అక్కడే నిలబడిపోయాడు. ఇందాక తను పొడిగా దాటి వచ్చిన రైలు వంతెన కింది దారిలో బురదనీళ్ళు హోరుమంటున్నాయి. పక్కన ఆపి ఉన్న ఎవరిదో ఖాళీ ఆటో ఒక్కసారి బొంగరంలా తిరిగి వంతెన కింద మునిగిపోయింది. స్టేషనుకి అతను వెళ్ళాల్సిన దారి అదే. గుమాస్తా స్కూటరు తాళం జేబులో వేసుకుని వెనక్కి తిరిగాడు.

"ముందే చెప్పొచ్చు కదా బాబాయ్!"

"చెప్పి చూశా బాబూ. మోకాలి లోతే కదా అంటారు, ఈతొచ్చు అంటారు. పోయిన వానల్లో ఒకాయన్ని నున్నగా గీసి పంపించా. తిరిగి రాలేదు." బాబాయి తువ్వాలు రెండుసార్లు మడతపెట్టాడు. "నీళ్ళకి భయపడనివాడు కూడా సగం మీసానికి భయపడతాడు."

అంతలో ఫోను మోగింది. భార్య.

"ఎక్కడున్నారు?"

"సెలూన్లో..."

"అమ్మయ్య! వంతెన కింద నీళ్ళొచ్చాయని ఇక్కడ స్టేషన్లో అంతా అంటుంటే, మీరు దిగారేమోనని నా ప్రాణం పోయింది. అక్కడే ఉండండి. నేనెక్కడికీ పోను."

వాన వెలిశాక బాబాయి సొరుగు తాళం తీశాడు. గుమాస్తా అప్పటికే హెల్మెట్ అందుకున్నాడు.

"అదేంటి బాబూ, రెండోవైపు?"

"ఉండనీ బాబాయ్. ఆవిడ నవ్వి చాలా రోజులైంది."

నోరు తెరిచిన బాబాయిని అలాగే వదిలేసి, గుమాస్తా పైదారిన చుట్టు తిరిగి స్టేషనుకి బయల్దేరాడు.