అమ్మోరి బాణీలో క్రిస్మస్ పాట

నాలుగేళ్ళపాటు నేను ఒక్క పాట కూడా రాయలేదు.

అంతకుముందు రాసేదాన్ని. ఖరగ్‌పూర్‌లో మా తెలుగు చర్చిలో పంటల పండగకో, ఎవరింట్లోనైనా పెళ్ళికో కొత్త పాట కావాలంటే నాకే కబురొచ్చేది. నాన్న రైల్వే వర్క్‌షాపులో బోగీలకు రంగులు వేసేవారు. నేను ఆసుపత్రిలో నర్సుని. డ్యూటీ దిగి వచ్చి, తల దువ్వుకుంటూనే ఒక పాదం కట్టేసేదాన్ని.

అరవైల మొదట్లో ఒక క్రిస్మస్‌కి రాసిన పాటతో అది ఆగిపోయింది. ఆ పాటకి బాణీ వెతుక్కోలేదు, దానంతటదే వచ్చింది. శ్రీకాకుళం దగ్గర పల్లెలో మా అమ్మమ్మ నాట్లు వేస్తూ పాడే బాణీ అది. ఆవిడ నడివయసులో క్రైస్తవంలోకి వచ్చింది గానీ పాత పాటలు వదల్లేదు. చర్చిలో నేను రెండో చరణం ఎత్తుకోబోతుండగా ముందు వరుసలోంచి సంఘపెద్ద లేచారు. ఆయన రిటైరైన గార్డు. రైలుని ఆపినట్టే చెయ్యెత్తి నన్ను ఆపారు.

"ఇది అమ్మోరి పాటమ్మా. ప్రభువు మందిరంలో పాడీది కాదు."

 అమ్మ తల వంచుకుంది. నేను కాగితం మడిచి కూర్చున్నాను.

కోపం వచ్చి ఉంటే బాగుండేది. రాలేదు. ఆయన అన్నది నిజమేననిపించింది. ఎవరికీ తెలియకుండా పాడు బుద్ధి ఏదో నాలో ఉందని, అది పాట రూపంలో బయటపడిందని భయపడ్డాను. ఆ తర్వాత ఏ మాట మనసులోకి వచ్చినా ఆ బాణీతోనే వచ్చేది. వెంటనే వేరే పని కల్పించుకునేదాన్ని. కొన్నాళ్ళకి రావడమే మానేసింది.

నాలుగేళ్ళు గడిచాక, వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో, ఆడవాళ్ళ వార్డుకి ఒక ముసలి దొరసానిని తెచ్చారు. స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. భర్త వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి పోయారు. స్వతంత్రం వచ్చాక తోటి తెల్లవాళ్ళంతా ఓడలెక్కి వెళ్ళిపోయినా ఆవిడ వెళ్ళలేదు. కాలికి బరువులు కట్టి, కదలకుండా పడుకోబెట్టారు. పదివారాలు అలాగే ఉండాలి.

మొదటిరోజు నేను ఇంగ్లీషులో పలకరిస్తే ఆవిడ తెలుగులో జవాబిచ్చింది.

"ఓలమ్మ, నాకు తెలుగొచ్చే పిల్లా. ముప్పై ఏళ్ళు టెక్కలి ఆయా సేతి కూడు తిన్నాను."

నేను నోరెళ్ళబెట్టాను. ఇంగ్లీషు దొరసానమ్మకి ఇంత తెలుగా అంటే మళ్ళీ కసిరింది. "నాను ఇంగ్లీసుదాన్ని కాదు. మాది వేల్స్. మా బాస వేరు, మా పాట వేరు."

పొద్దున్నే నేను వార్డులోకి వెళ్ళేసరికి ఆవిడ కళ్ళు మూసుకుని ఆ వేరే భాషలో ఏదో పాడుకుంటూ ఉండేది. అక్షరాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి, మళ్ళీ అదే వరుసలో తిరిగి వస్తున్నట్టు వినిపించేది. ఒకరోజు అడిగాను. పాదంలో సగం దాకా ఏ హల్లులు ఏ వరుసలో వచ్చాయో మిగతా సగంలోనూ అవే రావాలట. అలా కట్టలేనివాణ్ణి వాళ్ళ ఊళ్ళో కవి అనరట.

"మాకూ ఉంది," అన్నాను. "ప్రాస అంటాము. ప్రతి పాదంలోనూ రెండో అక్షరం కలవాలి."

"నీకెలగ తెలుసు?"

"చిన్నప్పుడు బళ్ళో చెప్పినారు," అని ఊరుకున్నాను. ఆవిడ నా మొహం వంక చూసి ఇంకేమీ అడగలేదు.

తర్వాత రోజుల్లో దుప్పటి మారుస్తున్నప్పుడూ వీపుకి పౌడరు రాస్తున్నప్పుడూ వాళ్ళ ఊరి సంగతులు చెప్పేది. వాళ్ళ మేనమామ బొగ్గుగని కూలి. ఊళ్ళో కవుల పోటీలో గెలిస్తే చెక్కుడు కుర్చీ ఒకటి బహుమతిగా ఇచ్చారట. అది వాళ్ళ ఇంటి గుమ్మంలో పట్టలేదు. చివరికి ప్రార్థనామందిరంలో పెట్టి, ప్రతి ఆదివారం వెళ్ళి అందులో కూర్చునేవాడట. రాళ్ళని గుండ్రంగా పాతి, మధ్యలో నిలబడి కవులకి తెల్లబట్టలు కట్టించే సంబరం గురించీ చెప్పింది. చర్చీలు రాకముందు నాటి పూజారులని తలుచుకుంటూ చేస్తారట.

"అదంతా అంత పాతదేనా?" అని అడిగాను.

"కొంత పాతది. కొంత మా తాతలు కల్పించినారంతారు. ఏది ఏదో నాకు తెల్దు. పాట బాగుంతే నాకేటి?"

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం గుర్రం పుర్రె సంగతి. చలికాలంలో, క్రిస్మస్ రోజుల్లో, గుర్రం పుర్రెని కర్రకి గుచ్చి, తెల్లదుప్పటి కప్పి, రంగు రిబ్బన్లు కట్టి ఇంటింటికీ తిప్పుతారట. గుమ్మం బయటివాళ్ళు లోపలికి రానివ్వమని పద్యం పాడాలి. లోపలివాళ్ళు కుదరదని పద్యంలోనే చెప్పాలి. ఎవరికి మాట దొరక్కపోతే వాళ్ళు ఓడినట్టు. బయటివాళ్ళు గెలిస్తే తలుపు తీసి తిండి పెట్టాలి.

"మరి మీ పాస్టర్లు ఊరుకునీవారా?"

"ఊరుకోడమేటి! పొద్దున్న పీఠం మీద నిలబడి, అది సైతాను గుర్రమని తిట్టీవోరు. మా అయ్య సంఘపెద్ద. ఆ తిట్లకి ఆమేన్ అనీవోడు. సాయంత్రం తలుపెనకాల కూకుని, అందరికంటే బాగా బదులు పాడీవోడు." ఆవిడ నవ్వుతుంటే కాలి బరువులు ఊగాయి. నేను గబుక్కున పట్టుకున్నాను.

మర్నాటినుంచి ఆవిడ దోమతెరే మాకు గుమ్మమైంది. నేను పద్యం చెబితేగాని తెర ఎత్తనివ్వనంది. ఆటలో మర్యాదలు ఉండకూడదని కూడా షరతు పెట్టింది.

"తెల్లారింది దొరసానీ, తెర తియ్యవే!" అన్నాను సిగ్గుపడుతూ.

లోపల ఆవిడ గొంతు సవరించుకుంది. తర్వాత, "సల్లనీళ్ళు పోస్తావు, నాను తియ్యను, పోవే!"

"వెల్లువలా పనులున్నవి, వేగిరం లేవే!"

ఆవిడకి మాట అందలేదు. ఓడిపోయానంటూ తనే తెర లాగింది. పక్కమంచం బెంగాలీ దీదీకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టింది. నేను స్పిరిట్ గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. నాలుగేళ్ళలో నా నోట ప్రాస పలికింది అదే మొదటిసారి.

ఆరోజే ఆవిడకి నా సంగతంతా చెప్పాను. అమ్మమ్మ బాణీ, చర్చిలో జరిగినది, నాలో ఏదో పాడు బుద్ధి ఉందన్న భయం. 

"మా బాసలో అవెన్ అని ఒక మాటుంది," అంది చివరికి. "పాట పుట్టే ముందు మనిసిలోకి వచ్చే గాలి. చర్చీలు లేనప్పుడు మావోళ్ళు ఆ మాటే అన్నారు. కీర్తనలు రాసినోళ్ళూ ఆ మాటే అన్నారు. గాలికి మతమేటి పిల్లా? వచ్చిన గాలికి తలుపేసుకుని, ఊపిరాడ్డం నేదని ఏడుస్తావేటి?"

నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఇంకో ప్రశ్న వేసింది. "ఒకటి సెప్పు. అది అమ్మోరి పాటని ఆ పెద్దాయన ఎలగ కనిపెట్టినాడు? నీ పాటలో మాటలు ప్రభువువే గదా."

ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. ఆ వారమంతా అదే తిరిగింది బుర్రలో.

ఆదివారం మధ్యాహ్నం రిక్షా మాట్లాడుకుని సుభాష్‌పల్లి వెళ్ళాను. సంఘపెద్దగారు వరండాలో ఎండకి కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. నన్ను చూసి ఇబ్బందిగా కదిలారు. ఆ క్రిస్మస్ తర్వాత మేము ఎదురుపడినా సరిగా మాట్లాడుకున్నది లేదు.

"తాతగారూ, ఒక్క మాట అడగడానికొచ్చినాను. తప్పనుకోకండి. ఆరోజు నాది అమ్మోరి పాటని మీకెలాగ తెలిసింది?"

ఆయన చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. కోప్పడతారనుకుని మెట్టు దిగబోయాను.

"కూకోమ్మా," అన్నారు. "మా అమ్మ పాడీది."

తర్వాత మిగతాది చెప్పారు. ఆయనకి పదేళ్ళప్పుడు ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజునుంచి వాళ్ళ నాన్న ఆ పాటలు ఇంట్లో వినపడకూడదన్నారు. వాళ్ళమ్మ పాడడం మానేసింది. కీర్తనలైనా పాడలేదు. పోయేదాకా గొంతు ఎత్తలేదు.

"నీ నోట అది ఇనీసరికి మా అమ్మే వచ్చి నిలబడినట్టైంది. భయమేసింది తల్లీ. ఏడుపొస్తాదని భయం. అందరి ముందరా ఏడవలేక నిన్ను ఆపినాను." బఠాణీల పళ్ళెం పక్కన పెట్టారు. "ఒకపాలి పాడు. ఆ పాత మాటలతోనే."

నేను మెల్లగా ఎత్తుకున్నాను. "పసుపు నీళ్ళ కడవ తెచ్చి పాదాలు కడిగేము..."

రెండో పాదం నాకు సరిగ్గా గుర్తులేదు. ఆయన అందుకున్నారు. గొంతులో శ్రుతి లేదు, కానీ మాట తప్పలేదు. "విసిరె వేపగాలి, అమ్మ వీధిలోకి వచ్చె..."

అంతే పాడగలిగారు. నేను లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాను. తిరుగుదారిలో రిక్షా దిగి మిగతా దూరం నడిచేశాను. ఊరికే నడవాలనిపించింది.

అదే బాణీలో ఆ ఏటి క్రిస్మస్‌కి కొత్త పాట రాయడానికి పెద్ద కష్టం ఏమీ పడలేదు. "పాకలోన పుట్టినాడు పాలబుగ్గల బిడ్డ, ఆకలన్నవారికెల్ల అన్నమైన బిడ్డ" అని మొదలైంది. రెండు రోజుల్లో అయిదు చరణాలు వచ్చాయి. పాస్టరుగారు చదివి ఒకచోట మాట మార్చమన్నారు. మార్చాను. మార్చిందే బాగుందని ఇప్పటికీ అనుకుంటాను.

డిసెంబరు మొదటివారంలో దొరసానమ్మ కాలికి బరువులు తీసేశారు. చంకకర్రలతో పది అడుగులు వేసి, కూర్చుని, నన్ను తిట్టి, మళ్ళీ పది అడుగులు వేసేది. పండగకి నాలుగు రోజుల ముందు ఇంటికి పంపారు.

క్రిస్మస్ పొద్దున్న మా చర్చికి రిక్షాలో వచ్చింది. చివరి బెంచీలో ముసలి ఆయా పక్కన కూర్చుంది. నేను పాడడానికి నిలబడగానే నా కళ్ళు సంఘపెద్దగారి మీదకే పోయాయి. ఆయన లేచారు. మళ్ళీ ఆపుతారనుకుని కాగితం మడవబోయాను. ఆయన చెయ్యెత్తలేదు. జనం వైపు తిరిగి, "లేచి నిలబడి పాడుదాము," అన్నారంతే.

అందరూ పాడలేదు. కొందరు నోరు బిగించుకునే ఉన్నారు. ముసలమ్మలు మాత్రం మొదటి చరణానికే బాణీ పట్టేశారు. వాళ్ళలో ఎందరికి ఆ బాణీ ముందే తెలుసో నాకు ఆరోజే అర్థమైంది. వెనకనుంచి దొరసానమ్మ కర్రతో నేలమీద తాళం వేస్తోంది, కాస్త తప్పుగా.

ఇంటికొచ్చాక ఆకలి దంచేసింది. అమ్మ వడ్డిస్తోంది. నాలుగేళ్ళలో ఒక్కసారీ ఆ పాట ఊసెత్తని మనిషి. పులుసు గరిటె చేత్తో పట్టుకుని హఠాత్తుగా అంది:

"మీ అమ్మమ్మ పాడీవి ఇంకా ఉన్నాయే. కోతల పాట ఒకటి, తిరగలి పాట ఒకటి. నాకన్నీ వచ్చు. రాసుకుంటావేటి?"

అన్నం చెయ్యి కడుక్కోకుండానే పెన్సిలు కోసం లేచాను. ముందు తినమని అమ్మ కేకేసింది.