ఇటుకల పండగ మీద కేసు

నాకింకా కోపం చల్లారలేదు. చల్లారాలని కూడా లేదు.

మా ఏజెన్సీలో చైత్రంలో వేట పండగ చేస్తాం, ఇటుకల పండగ అంటాం. విత్తనాలకు పూజ అయ్యాక మగవాళ్ళు వేటకు కొండెక్కుతారు. ఆడవాళ్ళు రోడ్డు మీద వెదురుబొంగు అడ్డం పట్టుకుని, వచ్చేపోయే బళ్ళను ఆపి, పాటలు పాడి పండగ మామూలు అడుగుతారు. ఐదో పదో ఇస్తే బొంగు ఎత్తేస్తారు. వేట దొరక్క ఉత్తచేతులతో దిగొచ్చిన మగాడికి పేడనీళ్ళ స్నానమే. అరకు చూడటానికి వచ్చే టూరిస్టులు మా బొంగు దగ్గర దిగి సెల్ఫీలు తీసుకుంటారు. అప్పుడది సంస్కృతి. పేపర్లో ఫొటో కూడా వేస్తారు.

కేసు పడిన ఏడు మా అమ్మా, మరో నలుగురు ఆడవాళ్ళూ ఆపిన బళ్ళలో ఒక సర్వే జీపు ఉంది. అంతే, నేరమైపోయింది.

దానికి మూడు వారాల ముందు మా ఊళ్ళో గ్రామసభ జరిగింది. కొండ మీద చెరువు తవ్వి, ఆ నీళ్ళు కిందికి వదిలి కరెంటు తీసే ప్రాజెక్టుకు మా ఒప్పుదల కావాలన్నారు. కాఫీ తోటలు పోతాయి, రాగులు పండే చోడి చేలు పోతాయి, మేం నీళ్ళు తాగే గెడ్డ పోతుంది. ఊరంతా చెయ్యెత్తి వద్దంది. అమ్మ ముందు వరసలో కూర్చుని ఎత్తింది. చట్టం ప్రకారం ఆ మాటే చెల్లాలి. వద్దన్నాక మళ్ళీ జీపు ఎందుకొచ్చిందో చెప్పే నాథుడు లేడు.

జీపులోవాళ్ళు నవ్వుతూనే పది రూపాయలిచ్చి వెళ్ళారు. మూడో రోజున పోలీసులొచ్చారు. దారికి అడ్డం పడ్డారట, బెదిరించి డబ్బు గుంజారట, సర్కారు పనికి ఆటంకం కలిగించారట. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టుకుని గాని లేవలేని మనిషి, జీపెడు మగవాళ్ళను బెదిరించిందట. రాసినవాళ్ళకు సిగ్గుండాలి.

నేను ఆశ్రమ పాఠశాలలో సోషల్ టీచర్ని. ఎస్సై నన్ను స్టేషన్‌కు పిలిపించాడు. కుర్చీ వేయించాడు, టీ ఇప్పించాడు, టైపు చేసిన కాగితమొకటి నా ముందుకు తోశాడు.

"తెలియక చెయ్యెత్తాను, ప్రాజెక్టుకు నాకు అభ్యంతరం లేదు అని మీ అమ్మగారు వేలిముద్ర వేస్తే చాలు టీచర్ గారూ. ఆవిణ్ణి చూసి మిగతావాళ్ళూ వేస్తారు. కేసు సంగతి నేను చూసుకుంటాను. లేదంటే రిమాండే. మీ ఉద్యోగం గురించి కూడా కాస్త ఆలోచించుకోండి."

ఆ కాగితం అతని మొహాన కొట్టి రావలసింది. మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. అంతకన్నా సిగ్గుమాలిన పని, దారిలో బడికెళ్ళి ఇంకుప్యాడు కూడా తెచ్చుకున్నాను. అమ్మను జైల్లో ఊహించుకోలేకపోయాను, నిజమే. ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఉంది. ఉన్నమాట రాస్తున్నాను.

అమ్మ అరుగు మీద కూర్చుని అడ్డాకుల విస్తర్లు కుడుతోంది.

"ఏటే గుంటా, ఎందుకు పిలిసినారు? ఏటి రాసినారందులో?"

చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. చదివాను.

"తెలీక ఎత్తినానా? ఈ కొండ మీద పుట్టినదాన్ని, కొండ పోతాదని తెలీక ఎత్తినానా?"

"జైల్లో పెడతారమ్మా."

"పెట్టనీ. ఊరంతా కూకుని సెప్పిన మాట అది. నానొక్కదాన్నీ ముద్దరేత్తే మారిపోతాదా? మార్సాలంటే మళ్ళీ అందర్నీ కూకోబెట్టమను. అందరి ముందూ అడగమను."

"నీ మంచికే చెప్తున్నాను" అన్నాను. అప్పుడు నా చేతిలోని ఇంకుప్యాడు చూసింది.

"ఇదీ ఆళ్ళే ఇచ్చినారా?"

"కాదు. మా స్కూలుది."

ఆకుకు ఆకు చేర్చి పుల్ల గుచ్చుతూనే ఉంది.

"పిల్లలకి బళ్ళో ఇదేనా సెప్తన్నావు?" అంది చివరికి.

ఎనిమిదో తరగతికి ఓటు హక్కు గురించీ, గ్రామసభ గురించీ బల్ల గుద్ది చెప్పేదాన్ని నేనే.

మర్నాడు పొద్దున్నే నన్ను లేపకుండానే అమ్మ ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. ఎస్సై బల్ల మీద ఆ కాగితం పెట్టి, "ముద్దర ఎయ్యను బాబూ" అందట. మిగతా నలుగురూ ఆమె వెనకే నిలబడ్డారట. ఆమెను చూసి వాళ్ళూ వేస్తారన్నాడు కదా, ఆ ఒక్కమాట నిజమే అయింది, వేయకపోవడంలో.

ఐదుగురినీ తొమ్మిది రోజులు జైల్లో ఉంచారు. బొంగు పట్టుకున్నందుకు తొమ్మిది రోజులు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. మా ఊరు వద్దన్న మాట మాత్రం మారలేదు. ఆ తొమ్మిది రోజులూ నేను రోజూ బడికి వెళ్ళి, రిజిస్టర్లో సంతకం పెట్టి, పాఠం చెప్పి వచ్చాను. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు.