కొట్టివేత లేని సంతకం

మొన్న శుక్రవారం నారాయణఖేడ్ బస్సు డిపో ఎదుటి హోటల్లో చాయ్ తాగుతూ కూర్చున్నాను. కంగ్టి బస్సు రావడానికి ఇంకా చాలా సేపు ఉందన్నారు. గోడకున్న టీవీలో మనవాళ్ళు ఎక్కడో సముద్రాల అవతల క్రికెట్ ఆడుతున్నారు, అంటే ఒకరి తర్వాత ఒకరు ఔటై వస్తున్నారు. పక్క బల్ల దగ్గర నలుగురు మగవాళ్ళు ఎవరిని తీసుకోవాలి, ఎవరిని ఇంట్లో కూర్చోబెట్టాలి అని తగువులాడుకుంటున్నారు. అందులో ఒకతను బల్ల మీద చెయ్యి చరిచి, "ముందుగాల గా కెప్టెన్‌ను పీకెయ్యాలె! ఎవడు జేసిండు వీన్ని కెప్టెన్?" అని రోడ్డు మీదికి వినబడేలా అరిచాడు. నేను చప్పున తలుపు వైపు చూశాను, ఎవరైనా విన్నారేమోనని. హోటల్లో ఇంకెవరూ అటు చూడలేదు. ఎందుకు చూస్తారు? ఎనభై దాటిన నాకొక్కదానికే మెడ అలా తిరిగింది. కొన్ని భయాలు పళ్ళూడిపోయినా పోవు.

ఆ భయం మా చిన్నమామ వల్ల వచ్చింది. మా అమ్మకు తమ్ముడు. నిజాం రాజ్యం ఇంకా నడుస్తున్న రోజుల్లో ఇక్కడి తహసీల్ కచేరీలో నకళ్ళు రాసే మున్షీ. మా వాడలో సర్కారు కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి ఆయనే. అంతకు ముందు మావాళ్ళు కచేరీకి పోతే గేటు బయట ఎండలో నిలబడి వచ్చేవాళ్ళు. మిషన్ బడిలో చదివి, ఉర్దూ నేర్చి, పరీక్ష రాసి ఆయన లోపలికి వెళ్ళాడు. ఆయన కచేరీకి బయలుదేరే వేళకు మా అమ్మమ్మ పనున్నా లేకున్నా గుమ్మంలోకి వచ్చి నిలబడేది. మామ రాత ముత్యాల్లా ఉండేది. నకలులో ఒక్క కొట్టివేత ఉన్నా అది చెల్లదని నియమం. ఎనిమిదేళ్ళలో తన చేతి కాగితం మీద ఒక్క గీత పడలేదని పండగ ప్రార్థన తర్వాత కూడా చెప్పుకునేవాడు. పాస్టరుగారు కూడా వినీ వినీ, ఆయన నోరు తెరవగానే "ఎనిమిదేళ్ళు, తెలుసు" అనేవారు.

ఇక క్రికెట్. నిజమైన మ్యాచ్ ఆయన జన్మలో చూసింది సగం రోజు. పరీక్ష రాయడానికి హైదరాబాద్ వెళ్ళినప్పుడు సికింద్రాబాద్‌లో ఒక గోడ మీద కూర్చుని చూశాడట. మధ్యాహ్నం ఎవరో దింపేస్తే దిగి వచ్చేశాడు. ఆ సగం రోజు పెట్టుబడితో నారాయణఖేడ్‌లో ఆయన క్రికెట్ పండితుడైపోయాడు. ఎవరైనా ఎదురు మాట్లాడితే "నువ్వు జూసినవా? నేను జూసిన" అనేవాడు. తక్కినవాళ్ళు ఆ సగం రోజు కూడా చూడలేదు మరి.

1936లో మన దేశం జట్టు ఓడెక్కి ఇంగ్లండ్ పోయింది. కెప్టెన్ ఒక సంస్థానపు రాజవంశీకుడు. ఆయన ఆట కన్నా ఆయన పరివారం, పెట్టెలు ఎక్కువని పత్రికలే రాశాయి. నేను అప్పటికి మిషన్ ఆడపిల్లల బడిలో పంతులమ్మను, పందొమ్మిదేళ్ళ దాన్ని. బడి నడిపే తెల్ల దొరసానమ్మకు ఇంగ్లీషు పేపరు వచ్చేది. దాన్ని టప్పాఖానా నుంచి తీసుకెళ్ళడం నా పని. పోస్టాఫీసును అప్పుడు అలాగే పిలిచేవాళ్ళం. ఇంత వయసొచ్చాక దాచడమెందుకు, పేపరు చుట్టిన కాగితాన్ని నేను తడి వేలితో మెల్లగా విప్పేదాన్ని. టప్పాఖానా వసారాలో పోస్టు మాస్టరుగారి స్టూలు మీద కూర్చుని క్రికెట్ పేజీని తెలుగులో చదివి వినిపించి, మళ్ళీ ఎవరూ ముట్టనట్టు చుట్టి దొరసానమ్మకు ఇచ్చేదాన్ని. పేపరు ఎందుకింత నలిగిందని ఆవిడ అడిగితే, బండి కుదుపులు అనేదాన్ని.

వసారాలో సాయంత్రం ఇరవై మంది దాకా చేరేవాళ్ళు. కచేరీ గుమాస్తాలు, బట్టల దుకాణం ఆయన, దవాఖాన కాంపౌండరు, మా వాడ మగవాళ్ళు. పేపరు మా ఊరు చేరేసరికి మ్యాచ్ ఎప్పుడో అయిపోయి ఉండేది. అయినా రేపు ఆడబోయే మ్యాచ్‌కన్నట్టు కూర్చుని పదకొండు మందిని ఏరేవాళ్ళు. పోస్టు మాస్టరు ఒకసారి, "అరె, గా ఆట ఒడ్సిపోయి నాలుగు దినాలాయె. ఇంక ఎవరిని ఏరుతరు?" అన్నాడు. మామ కళ్ళు కూడా ఎత్తకుండా, "అక్కడ అయిపోయిందేమో. మనకింక గాలె" అన్నాడు.

పెద్ద గొంతు ఉన్నవాడి మాటే నెగ్గుతోందని మామ ఒక పద్ధతి పెట్టాడు. మధ్యలో మట్టి కుండ. ఆటగాణ్ణి ఉండనివ్వాలంటే జొన్నగింజ, తీసెయ్యాలంటే కందిగింజ. పిడికిలి మూసి కుండలోకి చెయ్యి పెట్టి వదలాలి. బట్టల దుకాణం ఆయన గింజా, మా వాడవాడి గింజా కుండలో పక్కపక్కనే పడేవి. మొదట్లో మా వాళ్ళు వసారా మెట్ల మీదే కూర్చునేవాళ్ళు. కుండ వచ్చాక మెల్లగా ఒక్కో మెట్టే ఎక్కి పైకి వచ్చారు. అది ఎవరూ గమనించలేదని నేననుకున్నాను.

అమీన్ సాబ్ గమనించాడు. అమీన్ అంటే ఆ రోజుల్లో పోలీసు అధికారి. హైదరాబాద్ నగరం మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. కొన్ని సాయంత్రాలు గుర్రం ఆపి, దిగకుండానే, "స్కోరెంత అమ్మాయీ?" అని అడిగి పోయేవాడు. సర్కారు ఇజాజత్, అంటే అనుమతి లేకుండా నలుగురు ఒకచోట చేరి సభ పెట్టకూడదని హుకుం ఉన్న కాలం. మాది సభ అని మాకెవ్వరికీ తోచలేదు.

ఒకరోజు పేపరులో, కెప్టెన్‌కు ఎదురు చెప్పాడని జట్టులోని మంచి ఆటగాణ్ణి పక్కన పెట్టారని వచ్చింది. నేను చదువుతుంటే మామ ముఖం ఎర్రబడింది. పోస్టు మాస్టరుకు రాజులంటే గౌరవం. "రాజ్యమేలెటోనికి పదకొండు మందిని ఏలుడు ఒక లెక్కనా?" అన్నాడు. "ఏలుడు వేరే, ఆడుడు వేరే పంతులూ. ఎవరు రాజో బంతికి తెల్వది" అన్నాడు మామ. కెప్టెన్‌ను ఉంచాలా, తీసెయ్యాలా అని కుండ పెట్టారు. పదిహేడు కందిగింజలు, రెండు జొన్నలు. మామూలుగా అయితే అంతటితో ఇళ్ళకు పోయేవాళ్ళం. ఆ రోజు మామ పోనివ్వలేదు. ఇంత మంది తీసెయ్యాలంటే ఆ సంగతి కెప్టెన్‌కు తెలియొద్దా అన్నాడు. తెల్లకాగితం తీసి మహజరు రాశాడు, పదిమంది సంతకాలతో పెద్దలకు పెట్టుకునే అర్జీ. సలాములూ దీవెనలూ అయ్యాక, మిగిలిన మ్యాచ్‌లకు తమరు దయచేసి దిగి, యోగ్యుడికి కెప్టెన్సీ అప్పగించవలెనని నారాయణఖేడ్ జనుల విన్నపం, పదిహేడు గింజలకు రెండు గింజలు, అని ఉర్దూలో రాశాడు. ఇంగ్లండ్‌లో ఉన్న కెప్టెన్ ఉర్దూ చదువుతాడా అని నేనడిగితే, "రాజు గదా, చదివేటోళ్ళుంటరు" అన్నాడు. పదిహేడు మందిమీ సంతకాలు పెట్టాం. నాది ఏడోది, ఇంగ్లీషులో.

నిజాం సర్కారు టికెట్లు, అంటే తపాలా బిళ్ళలు, నిజాం సరిహద్దు లోపలే చెల్లుతాయి. ఈ ముక్క పోస్టు మాస్టరుకు తెలుసు. నోరు తెరవబోయాడు కూడా. మామ నవ్వుతూ, "ఏంది పంతులూ, మన సర్కారు టికెట్ మీద నీకు నమ్మకం లేదా?" అన్నాడు. పదిమందిలో ఆ మాట అనిపించుకున్నాక ఏ ఉద్యోగి చెల్లదంటాడు? టికెట్ అంటించి ముద్ర కొట్టాడు. ఆ ముద్ర చప్పుడుకు అందరం చప్పట్లు కొట్టాం. అంత తెలివితక్కువగా సంతోషించడం నా బతుకులో మళ్ళీ జరగలేదు.

ఉత్తరం సరిహద్దు దాటలేదు. పైన ఎక్కడో విప్పి, చదివి, కింది అధికారికి పంపారు. పది రోజుల తర్వాత, పట్టపగలు, సంతకాలు పెట్టినవాళ్ళందరినీ అమీన్ సాబ్ టప్పాఖానా వసారాకు పిలిపించాడు. అదే వసారా. స్టూలు మీద ఈసారి ఆయన కూర్చున్నాడు. ఒళ్ళో మా మహజరు. మా వాడవాళ్ళు మళ్ళీ మెట్ల కిందికి దిగి నిలబడ్డారు. పక్క ఇంట్లో ఎవరో జొన్నలు చెరుగుతున్నారు. నేను చీర కుచ్చెళ్ళు గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "చూడు మున్షీ, గా కెప్టెన్‌ను దించాలనే నేను గూడ అంటుంట. ఇంట్ల అంటుంట. కాయిదం మీద రాయ. ఇయ్యాల ఎక్కడి రాజునో దిగుమని సంతకాలు వెడ్తిరి. రేపు ఎవరిని దిగుమంటరు?" అన్నాడు. తర్వాత కలం తీసి కాగితం పక్కన పెట్టాడు. ఒక్కొక్కరు వచ్చి తమ సంతకం కొట్టేసుకుంటే ఇంతటితో సరి అన్నాడు. కాగితం ఇక్కడే చింపేస్తాడు. కొట్టెయ్యని వాడి సంగతి పైకి రాస్తాడు, నౌకరీ ఉన్నవాడికి నౌకరీ ఉండదు.

బట్టల దుకాణం ఆయన ముందు వెళ్ళాడు. కాంపౌండరు వెళ్ళాడు. కలం గీత కాగితం మీద కరకరమని వినబడేది. నా వంతు వచ్చినప్పుడు అమీన్ సాబ్, "దొరసానమ్మకు పేపరు సంగతి చెప్పాల్నా, వద్దా అమ్మాయీ?" అని మెల్లగా అడిగాడు. నేను కొట్టేశాను. ఎంత గట్టిగా గీశానంటే కాగితం చిరిగింది. తల ఎత్తి మామను చూడలేకపోయాను.

చివరికి మామ మిగిలాడు. ఆయన కలం అందుకున్నాడు, కాగితం చూశాడు. పదహారు గీతలు. మెట్ల కింద నిలబడ్డ మా అత్త అందరి ముందూ రెండు చేతులెత్తి దండం పెట్టింది. "నీ కాళ్ళు మొక్కుత, ఒక్క గీత గియ్యయ్యా. పిల్లల ముఖం జూడు" అంది. మామ ఆమె వైపు చూశాడు. తర్వాత కలానికి సిరా తుడిచి, అమీన్ సాబ్ పక్కనే జాగ్రత్తగా పెట్టేశాడు. "సాబ్, ఎనిమిదేండ్లసంది నా కాయిదంల కొట్టివేత లేదు. గిప్పుడు కొడితే ఇంతకుముందు రాసినయన్నీ చెల్లయి" అన్నాడు. అమీన్ సాబ్ ఆయన ముఖంలోకి చూసి, "జిద్దు జెయ్యకు మున్షీ. ఆట గురించి ఇంత అవసరమా?" అన్నాడు. మామ మెట్లు దిగి మావాళ్ళ పక్కన నిలబడ్డాడు. కాగితం మడతపెట్టి అమీన్ సాబ్ జేబులో పెట్టుకున్నాడు. చింపలేదు.

నెల తిరక్కుండా ఉద్యోగం పోయింది. హుకుం నకలు ఇంటికి వస్తే అత్త పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. మామ ఆ కాగితాన్ని వెలుగులో పెట్టి చూసి, "బిడ్డా, ఇగో చూసినవా, రెండు కొట్టివేతలు! ఇది చెల్లది" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. తర్వాత ఆయన కచేరీ గేటు బయట, ఒకప్పుడు మావాళ్ళు నిలబడిన ఎండలోనే, గోనె పరుచుకుని రైతుల అర్జీలు రాస్తూ బతికాడు. అత్త కందిచేలకు కూలికి పోయింది. కోతలయ్యేదాకా ఆయనతో మాట్లాడలేదు. అమ్మమ్మ గుమ్మంలోకి రావడం మానేసింది.

టప్పాఖానాలో కూడడం ఆగిపోయింది. నేను పేపరు విప్పకుండానే దొరసానమ్మకు ఇచ్చేసేదాన్ని. ఈమధ్య బండి కుదుపులు తగ్గినట్టున్నాయే అందావిడ. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మామ మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన అడగబోయేది నా సంతకం గురించేననుకున్నాను. "ఆఖరి మ్యాచ్ ఏమైంది బిడ్డా?" అన్నాడు. ఓడిపోయాం అని చెప్పాను. దొరసానమ్మ భోజనాల బల్ల దగ్గర అంటుంటే విన్నాను. ఆయన జేబులోంచి నాలుగు కందిగింజలు, నాలుగు జొన్నగింజలు తీసి అరుగు మీద పోశాడు. "అక్కడ అయిపోయింది లే. మనకింక గాలె. ఎవరిని ఏరుదాం, చెప్పు" అన్నాడు. ఆ పూట మేమిద్దరమే పదకొండు మందినీ ఏరాం. నా సంతకం మాట ఆయన ఆ రోజు అడగలేదు. తర్వాత ముప్పై ఏళ్ళు బతికాడు, ఎప్పుడూ అడగలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే నాకు బరువు దిగేది.

హోటల్లో బల్ల చరిచినతను నా చూపు తన మీద ఉందని గమనించి, "ఏందవ్వా, నువ్వు జెప్పు, తీసెయ్యాల్నా వద్దా?" అని నవ్వాడు. అంతలో కంగ్టి బస్సు వచ్చి నిలబడింది. నేను లేవలేదు. తలుపు వైపు ఇంకోసారి చూసి, "తియ్యాలె" అన్నాను, కాస్త గట్టిగానే. "ఇంకేం తీస్తరవ్వా, మ్యాచ్ అయిపోవట్టె" అన్నాడతను. అయిపోయిందనే అందరూ అంటారు, నాకింకా కాలేదు.